ముత్రా ఒడ్డున పాత లాంచీ

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయి కుటుంబంతో విశాఖపట్నం వెళ్లినప్పుడు రుషికొండ దగ్గర మోటారు బోటు ఎక్కాం. అందరూ ఫొటోలు తీసుకుంటూ ముందువైపు చేరారు. నేను మాత్రం వెనక్కి వెళ్లి, అంచు మీదికి వంగి, పొగగొట్టం వైపు చూస్తూ కూర్చున్నాను. బోటు ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నంతసేపూ ఆ గొట్టంలోంచి పొగతోపాటు నీళ్లు కక్కుతూ ఉండాలి. కాసేపటికి ఆ నీళ్లు సన్నబడ్డాయి, ఇంజన్ చప్పుడు పొడిబారింది. నడిపే అతని దగ్గరికి వెళ్లి, "బాబూ, ఒకసారి ఆపి చూడు, నీళ్లు లాగట్లేదు" అన్నాను. అతను నవ్వాడు. మా అల్లుడు, "వాళ్లకి తెలుస్తుందిలెండి మావయ్యగారూ" అని నన్ను కూర్చోబెట్టబోయాడు. నా ముఖంలో ఏం కనిపించిందో గాని బోటు నడిపే అతను చివరికి ఇంజన్ ఆపాడు. నీళ్లు లాగే రంధ్రానికి ప్లాస్టిక్ సంచి ఒకటి అతుక్కుని ఉంది. తీసిపారేశాక మళ్లీ బయల్దేరాం. ఒడ్డుకొచ్చే దాకా నేను ఆ గొట్టం మీదినుంచి చూపు తిప్పలేదు. "సముద్రమంటే మీకింత భయం అనుకోలేదు" అన్నాడు అల్లుడు. భయం సముద్రమంటే కాదు. అయినా అక్కడ అంత కథ ఏం చెబుతాను.

డెబ్బైల నడిమి సంవత్సరాల్లో మేం ముగ్గురం మస్కట్ పక్కన ముత్రాలో ఉండేవాళ్లం. మా అక్క కాకినాడలో నర్సు పని నేర్చుకుని అక్కడి ఆసుపత్రిలో చేరింది. మా బావ అంతకుముందే వచ్చి, రేవు దగ్గర ఒక వర్క్‌షాపులో ఇంజన్ ఫిట్టరుగా ఉండేవాడు. వాళ్ల వెనకే నేను, అదే వర్క్‌షాపులో వైర్‌మేన్‌గా చేరాను. యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్లం. బొంబాయిలో చదువుకున్నవాడు కాబట్టి హిందీ మాకన్నా శుభ్రంగా మాట్లాడేవాడు. వర్క్‌షాపు వెనక ఇసుకలో, మొద్దుల మీద నిలబెట్టిన లాంచీ ఒకటి ఉండేది. ఎవరో ఇంగ్లీషు ఆయన విహారాలకు తెచ్చుకుని, దేశం వదిలి వెళ్లిపోతూ అర్బాబ్‌కి అప్పగించినది. కర్ర లాంచీ. లోపల ఇద్దరు పడుకునే గది, చిన్న వంటమూల, ఇత్తడి కిటికీలు, పగుళ్లిచ్చిన వార్నిషు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిందనేవారు. మా బావ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక వెళ్లి దాని పొట్ట కింద నీడలో పడుకునేవాడు. పడుకుని పలకలను వేలితో కొట్టి చప్పుడు వినేవాడు. ఇది ఎక్కడికి దారితీస్తుందో మా అక్క మొదటి వారంలోనే కనిపెట్టింది.

ఒకరోజు బావ వెళ్లి అర్బాబ్‌ని అడిగేశాడు. ఆయన నవ్వి, దాన్ని కదిలించగలిగితే కాగితాల్లో తనదిగానే ఉంటుంది గాని సెలవు రోజైన శుక్రవారాల్లో మాత్రం మీదే అన్నాడు. ఆ మాటతో మా శుక్రవారాలు పోయాయి. పనయ్యాక సాయంత్రాలూ పోయాయి. కుళ్లిన పలకలు ఊడదీసి కొత్తవి వేశాం. సందుల్లో పాత కూరుడు లాగేసి, నూనెలో నానబెట్టిన పత్తితాడు ఉలితో కూరాం. నేను వైరింగంతా పీకేశాను. చేత్తో పట్టుకుంటే వైరు తొడుగు బిస్కెట్‌లా రాలిపోయేది. అసలు సమస్య ఇంజన్లు. ఇంగ్లీషు ఆయన వాడిన పెట్రోలు ఇంజన్లు రెండూ ఉప్పుపట్టి ముద్దయ్యాయి. పైగా మూసిన గదిలో పెట్రోలు ఆవిరి అంటే బావకి పడదు. రువీ వైపు రోడ్డు పని చేసిన కంపెనీ ఒకటి వదిలేసి వెళ్లిన జనరేటరు డీజిల్ ఇంజన్ని తెచ్చి, రెండింటి చోట ఆ ఒక్కదాన్ని దింపాడు. నేలమీద ఇంజన్ని గాలి చల్లబరుస్తుంది. లాంచీలో ఆ పని సముద్రం చెయ్యాలి. అందుకని రాగి గొట్టాలు వంచి బావ సొంతంగా కూలర్ కట్టాడు. లాంచీ అడుగున ఉన్న వాల్వులోంచి పంపు సముద్రపు నీటిని లాగుతుంది, ఆ నీరు కూలర్‌లో తిరిగి ఇంజన్ వేడి తీసుకుని పొగతోపాటు వెనకనుంచి బయటికి పోతుంది. ఈ సంగతి మా అక్కకి భోజనం దగ్గర ఎన్నిసార్లు వివరించాడో లెక్కలేదు. ఆవిడ మజ్జిగ పోస్తూ, "మీ కూలర్ సంగతి సరే, మన ఫ్యాను తిరిగి నెలరోజులైంది" అనేది. లాంచీని మాత్రం ఏనాడూ లాంచీ అనలేదు. "ఇవాళ నా సవతి దగ్గరికి ఎన్నింటికెళ్తున్నారు" అని అడిగేది.

ఆ అడుగు వాల్వు, దాని కింద పలకలోకి దిగిన గొట్టం పాతవే ఉంచాం. కొత్తవి ముత్రా బజారంతా వెతికినా దొరకలేదు. గీకి, పాలిష్ పెడితే బంగారంలా మెరిశాయి. బావ సుత్తితో తట్టి విన్నాడు. గట్టిగానే పలికాయి. ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి నానిన ఇత్తడి పైకి మెరుస్తూనే లోపల బెల్లపు అచ్చులా గుల్లబారుతుందని అప్పటికి మాకెవరికీ అనుభవం లేదు. లాంచీని నీళ్లలోకి దించాం. రేవులోపలే అటూ ఇటూ తిప్పాం. చక్కగా నడిచింది. రేవు దాటి బయటికి మాత్రం ఇంకా పోలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున్న, వర్క్‌షాపు తలుపులు తీస్తుండగా అర్బాబ్ వచ్చాడు. మనిషి రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. అదే తీరంలో దూరాన ఉన్న ఖురియాత్‌లో ఉంటున్న ఆయన తల్లి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుందట. ఖురియాత్‌కి అప్పటికి సరైన రోడ్డు లేదు. రాళ్లవాగుల్లో జీపు మీద తెస్తే ఆ కుదుపులకే ప్రాణం పోతుందని అక్కడి మనిషి చెప్పి పంపాడు. చేపల పడవలో పైకప్పు లేదు, పడుకోబెట్టే చోటు లేదు. అర్బాబ్ మాతో మాట్లాడుతూనే లాంచీ వైపు చూశాడు.

"ఇంకా బయటికి తీసుకెళ్లి చూడలేదండి" అన్నాడు బావ హిందీలో.

"భాయ్, ఔర్ కోయీ రాస్తా నహీ" అన్నాడాయన. వేరే దారి లేదని. ఆపరేషన్ ఏర్పాట్లకు తను ఆసుపత్రి దగ్గర ఉండాలి, మీరు వెళ్లి తీసుకురండి అని బావ చెయ్యి పట్టుకున్నాడు. పెద్దావిడ వెంట నర్సు ఉంటే మంచిదని అక్కకి సెలవు కూడా ఆయనే ఇప్పించాడు. అక్క సంచిలో బ్యాండేజీలు, మందులు, ఒక దుప్పటి సర్దుకుని రేవుకొచ్చింది. సవతి మీద కాలుపెట్టడం ఆవిడకదే మొదలు.

వెళ్లేటప్పుడు సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. కుడిచేతి పక్కన నల్లటి కొండలు, వాటి కాళ్ల దగ్గర ఒడ్డనేదే లేదు. కొండ నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది. ఎండ ఎక్కేసరికి ఖురియాత్ చేరాం. పెద్దావిడని చెక్కపలక మీద కట్టి, ఐదారుగురు భుజాల మీద మోసుకొచ్చి లాంచీ గదిలో నేలమీద పడుకోబెట్టారు. ముక్కు మీదుగా నల్లటి ముసుగు, దాని పైన రెండు కళ్లు. మూలుగు కూడా లేదు. అక్క సూదిమందు ఇచ్చి, తొడల మధ్య దుప్పటి మడతపెట్టి బిగించింది. పెద్దావిడ తమ్ముడు, తెల్లగడ్డం ముసలాయన, మాతో వచ్చాడు. పుట్టినప్పట్నుంచీ ఆ తీరంలో పడవ నడిపినవాడు. కాసేపు బావ పక్కన నిలబడి, చుక్కాని చక్రం తన చేతిలోకి తీసుకున్నాడు. బావ అంత సులువుగా ఎవరికైనా ఏదైనా ఇవ్వడం నేను చూడలేదు.

తిరుగుదారిలో బందర్ ఖైరాన్ కొండలు దగ్గరవుతుండగా మధ్యాహ్నపు గాలి లేచింది. ఆ తీరంలో పగటి గాలి సముద్రం మీదినుంచి కొండల మీదికి కొడుతుంది. అలలు పక్కనుంచి తగిలి లాంచీ ఊగడం మొదలుపెట్టింది. నేను పైన బ్యాటరీ పెట్టె మీద కూర్చుని ఉన్నాను. కిందినుంచి అక్క గొంతు మామూలుగానే వినిపించింది. "తమ్ముడూ, ఈవిడకి కింద ఏదో వినిపిస్తోందట, ఓసారి రా."

దిగాను. పెద్దావిడ చూపుడువేలు నేలమీద ఆనించి ఉంది. "మాయ్" అంది. మళ్లీ, "తహత్, మాయ్." కింద నీళ్లు అని. నేను ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ వినలేకపోయాను. ఆవిడ చెవి నేలమీది పలకకే ఆని ఉంది. ఇంజన్ మీది పలక ఎత్తాను. నల్లటి నీళ్లు ఇంజన్ కింది చక్రాన్ని అందుకోబోతున్నాయి. ఊగినప్పుడల్లా ఆ నీళ్లలో కర్రపొట్టు, పత్తి పీచులు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పోతున్నాయి.

"బావా" అని ఒక్కసారే పిలిచాను. వచ్చి చూశాడు. ఇద్దరం నీళ్లలోకి దిగాం. అడుగు వాల్వు కింద గొట్టం మొదట్లోకి విరిగి వాల్వు పక్కకి వాలిపోయింది. విరిగిన చోట ఇత్తడి గులాబీరంగులో, ఇటుకపొడిలా ఉంది. పాతవాటికన్నా గట్టిగా అదిరే ఆ పెద్ద డీజిల్ ఇంజన్ దాన్ని కదిపి కదిపి తుంచేసింది. గుప్పెడంత కన్నంలోంచి సముద్రం లోపలికి పొంగుతోంది. నేను సుత్తి తల ఊడదీసి, పిడికి అక్క తువ్వాలు చుట్టి, ఇంజన్ పక్క సందులోంచి చెయ్యి దూర్చి కన్నంలోకి తోశాను. పొగగొట్టానికి ముంజెయ్యి తగిలి చర్మం అతుక్కుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడు మాత్రం నొప్పి తెలియలేదు. నీళ్ల పొంగు ఆగింది.

ఊపిరి పీల్చుకోబోతుంటే బావ ముఖం చూశాను. ఆయన అరచెయ్యి ఇంజన్ మీద ఉంది.

"కన్నం మూసేశాం" అన్నాడు మెల్లిగా. "ఇంజనుకి నీళ్లు కూడా దాంట్లోంచేరా."

అప్పుడు నాకు అర్థమైంది. కన్నం మూస్తే ఇంజన్ చల్లబడదు, కాసేపట్లో బిగుసుకుపోయి ఆగిపోతుంది. తెరిస్తే లాంచీ మునుగుతుంది. ఇంజన్ ఆపేస్తే గాలి మమ్మల్ని కొండకేసి తోస్తుంది, అక్కడ కాలుపెట్టడానికి జానెడు ఇసుక లేదు. పైనుంచి ముసలాయన అరబ్బీలో ఏదో కేకేశాడు. వార్డులో అరబ్బీ పట్టుబడిన అక్క తెలుగు చేసింది. "ఆపొద్దంటున్నాడు. రాళ్లు దగ్గరకొచ్చాయంట." గది నేలమీద పలకకి కట్టేసిన మనిషి ఉంది. మేమైతే దూకి చెక్కముక్క పట్టుకుని తేలగలం. ఆవిడకి పక్కకి ఒత్తిగిలడం కూడా సాధ్యం కాదు. పొగగొట్టంలోంచి నీళ్లు రావడం మానేసి తెల్లటి ఆవిరి వస్తోంది. ఇంజన్ మీద రంగు మాడుతున్న వాసన. బావ బకెట్‌తో నీళ్లు తీసి కూలర్ మీద పోస్తున్నాడు. పోసిన నీళ్లు చుయ్యిమంటున్నాయి. అది చాలదని ఆయనకీ తెలుసు.

అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని మెట్టు మీద నిలబడి మమ్మల్ని చూస్తోంది. ఇన్నాళ్లూ భోజనం దగ్గర విన్నదంతా ఆవిడ బుర్రలో ఎక్కడో ఉండిపోయిందేమో. కోపంగానే అంది.

"సముద్రం ఇంట్లోకే వచ్చి కూచుందిగా. ఆ నీళ్లు ఎత్తి దాని నెత్తిన పొయ్యడమేంటండీ, ఆ పైపేదో ఇందులోనే పెట్టచ్చుగా."

బావ చేతిలో బకెట్ అలాగే ఆగిపోయింది. నా వైపు చూశాడు. నేను వాల్వు దగ్గర పైపు క్లిప్పు విప్పాను. ఆయన పైపు కొస పట్టుకుని కాళ్ల దగ్గర నీళ్లలో ముంచాడు. పంపు ఒకసారి గొణిగింది, గాలి మింగింది, తర్వాత పైపు బిగుసుకుంది. బయట వెనకవైపు పొగగొట్టం దగ్గి, నల్లటి నీళ్లు భళ్లున కక్కింది.

అంతలోనే ఆగిపోయింది. కర్రపొట్టు, పత్తి పీచులు పైపు నోట్లో అడ్డుపడ్డాయి. అక్క వంటమూలలోకి వెళ్లి టీ వడపోసే జాలీ తెచ్చింది. పైపు కొసకి దాన్ని పెట్టి, గాజుగుడ్డ చుట్టి, పుండు కట్టినంత ఓపికగా బ్యాండేజీ వేసింది. తనే నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని పైపు పట్టుకుంది. పొట్టు అంటుకున్నప్పుడల్లా వేళ్లతో దులిపేది. నీళ్లు కక్కే చప్పుడు మళ్లీ మొదలైంది. బావ ఇంజన్ మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

కాని అక్కడితో అయిపోలేదు. పంపు బలంగా లాగుతోంది. అడుగున నీళ్లు చకచకా తగ్గిపోతున్నాయి. మొత్తం తగ్గిపోతే పంపు గాలి లాగుతుంది, ఇంజన్ మళ్లీ కాగుతుంది. ఇప్పుడిక బతకాలంటే మేమే సముద్రాన్ని లోపలికి రానివ్వాలి. సుత్తిపిడి నా చేతిలో ఉంది. చేతులారా కన్నం వదులు చెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. అక్క నా ముఖం చూసింది. వార్డులో సెలైన్ సీసా దగ్గర నిలబడి మాట్లాడే గొంతుతో అంది.

"కొంచెం వదులు చెయ్యి. నేను చెప్తాగా. ఇంకొంచెం. చాలు, ఆపు."

నీళ్లు సన్నగా లోపలికి వచ్చాయి. వచ్చినన్ని పైపులోకి పోయాయి. లాంచీ ఊగితే లెక్క తప్పేది. "బిగించు" అనేది అక్క. మళ్లీ "వదులు" అనేది. నేను పిడి మీదినుంచి చెయ్యి తీయలేదు. మా ఇద్దరి తలలూ తగిలేంత దగ్గరగా, ఇంజన్ వేడిలో, డీజిల్ కంపులో కూర్చున్నాం. బావ మధ్యలో తొంగిచూసి, పెద్దావిడ నాడి మీద చెయ్యి పెట్టి, అక్క అడిగితే అంకెలు లెక్కపెట్టి చెప్పేవాడు. పెళ్లయ్యాక ఆయన ఆవిడ చెప్పిన పని మారు మాట్లాడకుండా చెయ్యడం అదే మొదటిసారి. పైనుంచి ముసలాయన ఒక్కో కొండపేరు వినిపించేలా అంటున్నాడు. అది మాకు చెప్పడమో, పలక మీదున్న తన అక్కకి చెప్పడమో తెలియదు. ముసుగు కింద పెద్దావిడ పెదాలు ప్రార్థనతో కదులుతూనే ఉన్నాయి. ఒక్కసారి మాత్రం తల తిప్పి, నీళ్లలో కూర్చున్న మా అక్కని చాలాసేపు చూసింది.

ముత్రా రేవులోకి వచ్చేసరికి కొండల నీడ నీళ్ల మీద పడింది. ముసలాయన లాంచీని నేరుగా ఇసుకమీదికి ఎక్కించేశాడు. అడుగు నేలకి తగిలిన ఆ గీకుడు చప్పుడంత మంచి చప్పుడు నేను మళ్లీ వినలేదు. అక్క లేవబోతే కాళ్లు పట్టేసి లేవలేకపోయింది. బావ చంకల కింద చేతులు వేసి ఎత్తి నిలబెట్టాడు. ఆవిడ ముందు పేషెంటు దగ్గరికి వెళ్లింది. పెద్దావిడ అక్క తడిచేతిని పట్టుకుని, తన తమ్ముడి వైపు కూడా ఒకసారి చూసి, అరబ్బీలో ఏదో చెప్పింది. అక్క నవ్వు ఆపుకుని మాకు చెప్పింది. "నీళ్ల సంగతి వాళ్లబ్బాయికి చెప్పొద్దంటోంది. తెలిస్తే ఇంక జన్మలో పడవెక్కనివ్వడంట."

అర్బాబ్ మోకాలిలోతు నీళ్లలోకి నడిచొచ్చాడు. మనుషుల్ని పిలిచి తల్లిని దింపించి, బండిలో పెట్టించి, అప్పుడు బావని అడిగాడు. "రాస్తే మే సబ్ ఠీక్?" దారిలో అంతా బాగానే ఉందా అని. మేం ముగ్గురం ఛాతీ దాకా నల్లటి నూనెనీళ్లతో తడిసి ఉన్నాం. నా చేతికి అక్క కట్టిన గుడ్డ. "సబ్ ఠీక్ అర్బాబ్" అన్నాడు బావ. ఆయన మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. వెళ్లి బండెక్కాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. పెద్దావిడ కొన్ని నెలలు మంచం మీద, కొన్ని నెలలు చేతికర్రతో గడిపింది. లాంచీని మళ్లీ మొద్దుల మీదికి ఎక్కించాం. అడుగున ఉన్న ప్రతి ఇత్తడి ముక్కనీ బావ ఊడదీశాడు. సుత్తితో తట్టడం కాదు, రంపంతో కోసి లోపలి రంగు చూసేవాడు. కోసిన ప్రతిదీ గులాబీరంగే. వాటిని వరసగా ఇసుకలో పరిచాడు. కొత్త వాల్వులు ఎక్కడా దొరక్క లాంచీ అలాగే ఎండలో ఉండిపోయింది. ఒకరోజు అర్బాబ్ బొంబాయి నుంచి తిరిగివచ్చి, గోనెగుడ్డ మూట ఒకటి వర్క్‌షాపు బల్లమీద పెట్టాడు. విప్పితే ఉప్పునీళ్లకి గుల్లబారని సరికొత్త కంచు వాల్వులు, గొట్టాలు, సరైన కొలతల్లో. ఏది విరిగిందో ఆయనకి మేమెవరం చెప్పలేదు.

"మా అమ్మ ఖురియాత్ వెళ్లాలంటోంది" అన్నాడాయన. "మీ లాంచీలోనే వెళ్తానంటోంది." అంతే చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

తీసుకెళ్లాం. ఆ రోజు అడుగున చెంచాడు నీళ్లు కూడా లేవు. ఆవిడ పైన కుర్చీలో కూర్చుని, కొండలకేసి కర్ర చూపిస్తూ మా అక్కకి దారి పొడుగునా ఏవో కబుర్లు చెప్పింది.

బావ పోయి చాలా ఏళ్లయింది. అక్క కాకినాడలోనే ఉంది, వినికిడి కొంచెం తగ్గింది గాని మాట తగ్గలేదు. రుషికొండ నుంచి వచ్చాక ఫోన్ చేసి ఆ మధ్యాహ్నం సంగతి ఎత్తాను. "అదెంతసేపురా, అలా కూచున్నామో లేదో ముత్రా వచ్చేసింది" అంది. నాకైతే ఆ మధ్యాహ్నం, సాయంత్రమే రాదేమోనన్నంత పొడుగ్గా సాగింది. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. కాలం అందరికీ ఒకేలా నడుస్తుందనుకుంటాం గాని, ఒకే నీళ్లలో భుజం భుజం ఆనించుకుని కూర్చున్న అక్కాతమ్ముళ్లకి కూడా అది ఒకేలా గడవదు.